ఓడినవాడే పేర్చాలి

పంతులుగారు పోయారని ఖలీల్ భాయ్ ఫోన్ చేస్తే, "మీకెవరు చెప్పారు?" అని అడిగాను. మనిషి పోయాడని వినగానే అడగవలసిన మాట అది కాదని నాకూ తెలుసు. నా స్వభావమే అంత. పాలవాడు నీళ్ళు కలపలేదంటే ఆ పూట పాలు పల్చగా కనిపిస్తాయి నాకు. డాక్టరు భయం లేదంటే అదే రిపోర్టు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళతాను. "మీకు అనుమానమే అసలు ఉద్యోగం, ఆఫీసు పార్ట్‌టైము" అని మా ఆవిడ పదిమందిలోనూ అంటుంది. నాకు కోపం రాదు, నిజమే కనక.

 "మయ్యత్‌కు కాటి దాంక నేనే పోయొచ్చిన తమ్మీ. నా కండ్లతోని చూసిన. ఇంకా ఎవల్ని అడగాలె?" అన్నాడు ఖలీల్ భాయ్. పదమూడో రోజు భోజనాలకి ఛత్రినాకలో వాళ్ళింటికి రమ్మన్నారని, నన్ను ప్రత్యేకంగా పిలవమన్నారని చెప్పి పెట్టేశాడు. ప్రత్యేకంగా ఎందుకో నాకు తెలుసు. తెలిసే, వెళ్ళాలా వద్దా అని ఆ వారమంతా తేల్చుకోలేకపోయాను.

పంతులుగారి అసలు పేరు రాయను. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది. ఖలీల్ భాయ్ పూల్ పార్లర్‌లో అందరూ పంతులు అనేవాళ్ళు. ఆయన ఏనాడూ గంట పట్టుకున్న మనిషి కాదు. తరతరాలుగా వాళ్ళది గుడిసేవ ఇల్లు, పూజ ఆయన అన్నగారు చేసేవారు. ఈయన నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. అయినా నుదుట చిన్న కుంకుమ బొట్టుతో, తెల్ల ఫుల్‌చేతుల చొక్కాతో మెట్లెక్కి వస్తే పంతులు అనక ఇంకేమంటారు.

పార్లర్ సంతోష్‌నగర్‌లో, ఒక టైర్ల కొట్టు పైన ఉండేది. తొంభైల చివర్లో ఊళ్ళో ఎక్కడ చూసినా పూల్ బల్లలు వెలిశాయి. అందులో ఇదొకటి. రెండు బల్లలు, ఒక కూలర్, ఒక గోడ బెంచీ. గోడ మీద ఎర్ర పెయింటుతో "హారా సో జమాయే" అని రాసి ఉండేది. దాని కింద ఎవరో వంకర అక్షరాలతో తెలుగులో రాశారు, ఓడినవాడే పేర్చాలి అని. వేరే పార్లర్లలో బంతులు సర్దడానికి మనిషిని పెట్టుకునేవారు. ఖలీల్ భాయ్ పెట్టుకోలేదు. ఆట అయిపోగానే ఓడినవాడు పదిహేను బంతులూ గుంటల్లోంచి ఏరి, మూడుమూలల చెక్క చట్రమైన ట్రయాంగిల్‌లో పేర్చి, గెలిచినవాడికి అప్పగించాలి. గెలిచినవాడు తెల్లబంతితో వాటిని పగలగొట్టి కొత్త ఆట మొదలుపెడతాడు. నీ ఓటమిని నువ్వే సర్ది వాడి ముందు పెట్టాలి. కుర్రకారుకి ఇది మహా అవమానంగా ఉండేది. బంతులు విసిరికొట్టి వెళ్ళిపోయినవాళ్ళున్నారు, వాళ్ళని ఖలీల్ భాయ్ మళ్ళీ మెట్లెక్కనివ్వలేదు.

మా నాన్నగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారీ ఉద్యోగి. సంతోష్‌నగర్‌లో అద్దె ఇల్లు. నాకప్పుడే ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కాలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పార్లర్‌కి వెళ్ళేవాణ్ణి. పంతులుగారు నాకంటే ముందే వచ్చి ఉండేవారు. టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టి, చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచి, అప్పుడు స్టిక్ పట్టుకునేవారు. మా చేతులు కూడా మడిపించేవారు. గుడ్డ బంతిని తాకినా తప్పు తప్పే అని ఆయన రూలు, ఆట రూలు కూడా అదే. చిన్నపిల్లలకి మడిచినట్టు వంతుగా ఒక్కొక్కరి చేతులూ చూసేవారు.

ఆయన మీద నాకు మొదటి అనుమానం కిటికీ వల్ల వచ్చింది. ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ ఈయన కూర్చునేవారు కాదు, ఆట వైపు చూసేవారూ కాదు. బల్లకి వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. ఏం చూస్తున్నాడు ఈయన, అద్దంలో మన ఆటంతా కనిపిస్తోందా, మన గురి ఎటో పసిగడుతున్నాడా అని నాకు ఒకటే పీకులాట. ఒకరోజు ఆయన లేనప్పుడు వెళ్ళి అదే చోట నిలబడి చూశాను. ఆ అద్దం కట్టిన దగ్గర్నుంచి తుడిచిన పాపాన పోలేదు. నా మొహం కూడా కనపడలేదు.

"ఎందుకు చూడరు?" అని తర్వాత అడిగేశాను.

"చూస్తే ఏమొస్తది తమ్మీ. ఆయన కొడితే కొడ్తడు, తప్పితే తప్పుతడు. నేను జూసినంత మాత్రాన తప్పుతదా? చూసుడుకు నా దమ్ము ఖర్చయితది. నా వంతొచ్చినంక ఖర్చు వెట్టుకుంట."

రెండో అనుమానం ఇంకా పెద్దది. ఆయన ఓడినప్పుడు బంతులు పేర్చడానికి ఎవరికీ పట్టనంత సేపు పట్టేది. మిగతావాళ్ళం గబగబా దొర్లించి ట్రయాంగిల్ ఎత్తేసేవాళ్ళం. ఆయన ఒక్కొక్క బంతినీ తీసి, అరచేత్తో తుడిచి, పెట్టి, పెదవులు కదుపుతూ, చివరికి రెండు బొటనవేళ్ళతో వెనకనుంచి నొక్కి, అలాగే ఉండిపోయేవారు. బల్లల దగ్గర తిరిగినవాళ్ళకి ఒక దొంగతనం తెలుసు. ముందు బంతికీ దాని వెనక బంతులకీ మధ్య వెంట్రుకంత సందు వదిలితే చాలు, ఎంత బలంగా పగలగొట్టినా బంతులు చెదరవు. పైకి కనపడదు. గెలిచి పొంగిపోతున్నవాణ్ణి అక్కడే దెబ్బ కొట్టొచ్చు. పంతులు చేస్తున్నది అదేనని నేను తీర్మానించుకున్నాను. నుదుట బొట్టు, చేతిలో ఈ పని.

ఒకసారి ఆయన పేర్చి పక్కకి జరగ్గానే జేబులోంచి బస్సు టికెట్టు తీసి బంతుల మధ్య దూర్చి చూశాను. ఎక్కడా దూరలేదు. చుట్టూ తిరిగి అన్ని పక్కలా ప్రయత్నించాను. బెంచీ మీదవాళ్ళు నవ్వుతున్నారు. ఆయన నవ్వలేదు.

"ఏంది తమ్మీ, సందు దొర్కిందా?"

"మరి అంతసేపు ఏం చేస్తారు?" అన్నాను, తప్పు నాదైనా గొంతు తగ్గించకుండా.

"నా టైం గది. పేర్చేదాంక తిట్టుకుంట, ఏడుస్త, గా బంతి గట్ల గొట్టకుంటే గెలుస్తుంటి అనుకుంట. ఎంత సేపు గావాల్నో గంత సేపు దీస్కుంట. ట్రయాంగిల్ లేపిన్ననుకో, అయిపోయింది. ఇంక గా ఆట గురించి మాట్లాడ."

నిజంగానే మాట్లాడేవారు కాదు. ముందు ఏడు ఆటలు గెలవాల్సిన మ్యాచ్‌లు ఆరు–ఏడుతో పోగొట్టుకుని కూడా, త్రికోణం ఎత్తిన మరుక్షణం డబ్బా తీసుకుని "పోయొస్త ఖలీల్" అనేవారు. మేం మాత్రం గంటసేపు మెట్ల మీద నిలబడి ఆయన ఓడిన ఆట చెప్పుకునేవాళ్ళం.

ఆయన ఓటములన్నీ అలాంటివే కావడం విచిత్రం. చిత్తుగా ఓడింది నేను చూడలేదు. ఎప్పుడూ ఒక్క ఆట తేడా, ఒక్క బంతి తేడా. ఏటా బోనాల తర్వాత ఖలీల్ భాయ్ పెట్టే పోటీలో వరసగా మూడేళ్ళు ఫైనల్‌కి వచ్చారు. మూడేళ్ళూ ఆరు–ఏడు. ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. ఆయన మూడుసార్లూ పేర్చి వెళ్ళిపోయారు.

మూడో ఫైనల్ అయిన కొన్నాళ్ళకే ఆయన భార్య పోయింది. పచ్చకామెర్లని ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజు. పదమూడు రోజులు అయ్యాయి, పద్నాలుగో రోజు సాయంత్రం ఈయన గుండు మీద టోపీ పెట్టుకుని, డబ్బా కిటికీలో పెట్టి, చేతులు మడుచుకుంటున్నారు. బెంచీ మీద గుసగుసలు. నేను అందరికంటే ఎక్కువ అన్నాను. ఈ మనిషికి ఆవిడ పోవడమే కలిసొచ్చినట్టుంది, ఇంట్లో అడిగేవాళ్ళు లేరు అన్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

ఆయన ఆరోజు నలుగురితో ఆడి నలుగురి చేతిలోనూ ఓడారు. ఆఖరి ఆట అయ్యాక ఇంక ఆడేవాళ్ళు లేరు, ఖలీల్ భాయ్ దుకాణం కట్టేయడానికి చూస్తున్నాడు. పేర్చే అవసరమే లేదు. ఆయన పేర్చడం మొదలుపెట్టారు. ఒక్కొక్క బంతీ తుడిచారు. త్రికోణం మీద రెండు చేతులూ పెట్టి వంగి నిలబడ్డారు. ఎంతసేపో. ఖలీల్ భాయ్ తాళం చెవులు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను అప్పుడు కూడా, ఇదంతా మనం చూడాలనే చేస్తున్నాడేమో అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

తర్వాతి వేసవిలో మా అన్నయ్య పోయాడు. స్కూటర్ మీద వెళుతుంటే వెనకనుంచి లారీ. ఆ పొద్దున నన్ను దింపమని అడిగాడు. "పది నిమిషాలాగు, స్నానం చేసి వస్తా" అన్నాను. ఆగలేక తనే తీసుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత లోకమంతా నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆఫీసులో నా ఫైళ్ళు ఎవరో పూర్తి చేసేవారు. ఇంటాయన వాటా ముందు చెప్పులు విడవొద్దని కసురుకునేవాడు, ఇప్పుడు తనే పక్కకి జరిపి పెట్టేవాడు. ఛాయ్ హోటలువాడు మీగడ వేసి ఇచ్చేవాడు. నాకు ఊపిరాడేది కాదు. వీళ్ళు చెబుతున్నది ఏదీ నమ్మడానికి లేదు, బాగున్నావన్నా నమ్మలేను, బాగా చేశావన్నా నమ్మలేను. అన్నీ అన్నయ్య పోయినందుకు ఇస్తున్న రాయితీలు.

నెల తర్వాత పార్లర్‌కి వెళితే బెంచీ మీదవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. పంతులుగారు మాత్రం కిటికీ దగ్గర్నుంచి, "స్టిక్ తీస్కో" అన్నారు. ఏడు–ఒకటితో ఓడించారు. ఒక్క బంతి దయ చూపించలేదు. ఆరోసారి పేరుస్తుంటే నా చేతులు ఆగిపోయాయి, నీళ్ళు టపటపా బల్ల మీద పడ్డాయి. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. తొందరేం లేదన్నట్టు, అసలు నేనక్కడ లేనట్టు నిలబడ్డారు. అన్నయ్య పోయాక నేను నమ్మిన మొదటి మనిషి ఆయనే.

అప్పట్నుంచి రోజూ ఆయనతోనే ఆడేవాణ్ణి. ఓడిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవారు. "ఏ బంతి కాడ ఓడినవ్?"

నల్లబంతి తప్పాను కాబట్టి నల్లబంతి దగ్గర అనేవాణ్ణి. చెరి ఏడు బంతులు, తనవి వేశాక చివర నల్లబంతిని వేసినవాడే గెలిచినట్టు, కాబట్టి అందరూ అక్కడే ఓడామనుకుంటారు. ఆయన తల అడ్డంగా ఊపేవారు. "గది ఆఖర్ది. నువ్వు ఓడింది గంతకుముందే, మూడు బంతుల ముంగట. యాద్ జేస్కో." గుర్తు చేసుకుంటే నిజమే, ఎక్కడో అవసరం లేని చోట తెల్లబంతిని గట్టిగా కొట్టి ఉండేవాణ్ణి. ఆ బంతి దొరికిందంటే మనసు తేలికపడేది. ఓటమికి ఒక చిరునామా దొరికినట్టుండేది.

ఒకరోజు మెట్లు దిగుతూ, "అన్నయ్య విషయంలో ఆ పది నిమిషాలే సార్. అదే ఆ బంతి" అన్నాను.

ఆయన దిగడం ఆపారు.  "నేను గూడ గా బంతిని దేవులాడిన తమ్మీ. ఆమెకు కండ్లు పచ్చగైనయని ముందుగాల ఎవలు జూసిన్రు, ఎప్పుడు జూసిన్రు, పసరు మందు ఎందుకు వోసిన్రు అని. ఒక్కొక్క దినం ఎన్కకు వొయ్యి దేవులాడిన. కొన్ని ఆటలల్ల గా బంతి ఉండదు. ఊకెనే ఓడిపోతం."

ఆ మాట నాకు ఎంత ఆసరా అయిందో చెప్పలేను. ఇంటికెళ్ళి ఆ వేసవి తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఆ ఏడు పోటీ ఫైనల్లో ఆయనా నేనూ పడ్డాం. ముందు ఏడు ఆటలు గెలిచినవాడిది కప్పు. ఆరు–అయిదు దాకా ఆయన ముందున్నారు. పన్నెండో ఆట నేను గెలిచి ఆరు–ఆరు చేశాను. ఆఖరి ఆటలో నేనొక బంతి తప్పాను, ఆయన మిగిలినవన్నీ వరసగా వేసేశారు. ఆయనకింక నల్లబంతే మిగిలింది. మూల గుంటకి జానెడు దూరం, తెల్లబంతి దానికి తిన్నగా వెనక. నేను స్టిక్ గోడకి ఆనించేశాను. బెంచీ మీదవాళ్ళు చప్పట్లకి చేతులు పైకెత్తారు.

ఆయన వంగారు. మళ్ళీ లేచారు. వంగినవాడు కొట్టకుండా లేవడం ఆయన ఆటలో అంతకుముందు నేను చూడలేదు. స్టిక్ మొనకి చాక్ రుద్దుకుని మళ్ళీ వంగి కొట్టారు. నల్లబంతి గుంట అంచుకి తగిలి, బయటికొచ్చి ఆగింది. నా వంతు. నాకు మిగిలిన ఒక్క బంతినీ, దాని వెనకే నల్లబంతినీ వేశాను.

ఆయన స్టిక్ బల్ల మీద పెట్టి, డబ్బా తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. బంతులు పేర్చలేదు.

కప్పు నా చేతిలో పెట్టి ఖలీల్ భాయ్ కౌగిలించుకుంటుంటే నా కళ్ళు ఆ బంతుల మీదే ఉన్నాయి. భార్య పోయిన పద్నాలుగో రోజు ఎదురు ఆడేవాడు లేకపోయినా పేర్చిన మనిషి, ఈరోజు ఎందుకు పేర్చలేదు? నా బుర్ర దానికి ఒకే ఒక్క జవాబు చెప్పింది. ఓడినవాడు పేర్చాలి. ఈయన పేర్చలేదంటే ఈయన లెక్కలో ఈయన ఓడలేదు. కావాలని వదిలేశాడు. అన్నయ్య పోయినవాడు, పోనీ కప్పు తీసుకోనీ అనుకున్నాడు. ఛాయ్ హోటలువాడి మీగడ లాంటిదే ఇదీ.

ఒళ్ళు మండిపోయింది. అక్కడే, అందరూ వింటుండగా ఖలీల్ భాయ్‌తో, "నేను గెలవలేదు. ఆయన ఇచ్చాడు" అన్నాను.

ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో నేను ఊహించలేదు. ముందు పొగడ్తగా పోయింది. "క్యా దిల్ హై పంతులు సాబ్ కా, ఏం మనసు" అని ఖలీల్ భాయ్ వచ్చినవాడికల్లా చెప్పాడు. పంతులుగారు వారం తర్వాత వచ్చి, "లేదు, తప్పిపోయింది" అంటే, చూశావా ఎంత వినయమో అన్నారు. ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే అన్నారు. తర్వాత ఆ మాట రంగు మారింది. ఆయన ఓడితే, "ఇచ్చినవా పంతులూ?" అని నవ్వేవారు. ఆయన మీద గెలిచినవాడి గెలుపు ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆయన గెలిస్తే, "గియ్యాల నా మీద దయ రాలేదా?" అని అడిగేవారు. పేర్చడానికి వంగితే, "నువ్వెందుకు పంతులూ, నువ్వు ఓడలేదు గద" అని ఎవరో ఒకరు త్రికోణం లాక్కునేవారు. పది నెలల్లో ఆయనతో ఆడేవాళ్ళు లేకుండా పోయారు. కిటికీ దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. తర్వాత అదీ మానేశారు.

నేను కూడా ఆయనతో ఆడటం మానేశాను. నమ్మిన ఒక్క మనిషీ నా మీద జాలిపడ్డాడని నా కోపం.

రెండేళ్ళు గడిచాక, పెళ్ళి శుభలేఖ ఇచ్చే నెపంతో ఛత్రినాక వెళ్ళాను. గుడి పక్క సందులో చిన్న ఇల్లు. బడిలో టీచరు చేసే వాళ్ళమ్మాయి మంచినీళ్ళు ఇచ్చి లోపలికెళ్ళింది. ఆయన బాగా చిక్కిపోయారు. శుభలేఖ చదివి, పసుపు రాసిన మూల సరిచేసి, పక్కన పెట్టారు.

"ఎందుకు రావట్లేదు సార్?"

"ఎవలతోని ఆడాలె?"

ఆ తర్వాత కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నాం. నాకు ఉండబట్టలేదు. "ఒక్కటి నిజం చెప్పండి. ఆరోజు కావాలనే తప్పారు కదా?"

ఆయన లేచి నిలబడ్డారు. ఆయన కోపం నేను చూడటం అదే మొదలు. "నీ అన్న వోయిండని నీకు కప్పు ఇస్తనా? నీ అన్నకు కప్పుకు ఏం సంబంధం? మనిషి సావుకు కప్పు బహుమతి ఇచ్చెటోన్ని లెక్క కనవడ్తున్ననా నీకు?"

"మరి ఎందుకు పేర్చలేదు?"

ఆయన కూర్చున్నారు. "చేతులు ఆడలే. నాలుగేండ్లు తమ్మీ. మూడేండ్లు ఆమె ఇంట్ల కూసోని, ఈపారన్న గెల్సినవా అని అడిగింది. నాలుగో ఏడు అడిగెటామె లేదు. గా నల్లబంతి కాడ వంగిన, ఇగ గెల్సిన అనుకున్న. బంతి కొట్టకముందే గెల్సిన. గప్పుడు వణుకు వట్టింది. లేసిన, మళ్ళ వంగిన, పోలే. సిగ్గయింది. పేర్చ బుద్ధి గాలే, పారిపోయిన. గంతే గద జరిగింది. దానికి నువ్వు గింత కథ జేస్తివి."

 ఇది కూడా నా గెలుపు నాకు నిజం చేసి పెట్టడానికి చెబుతున్న మాటేమో అనుకున్నాను. అది ఆయన నా మొహంలో చదివినట్టున్నారు.

"ఇంక నమ్మబుద్ధి గాకుంటే ఇను. పన్నెండో ఆటల, ఎర్రబంతి మీదికెల్లి వంగి కొట్టినవ్. మడిచిన నీ అంగీ చెయ్యి ఊడొచ్చింది, బంతికి తాకింది. బంతి కదిలింది. నువ్వు జూసినవ్. ఆగినవ్, నా దిక్కు జూసినవ్. నేను కిటికి దిక్కు ఉన్న. చెప్పకుండ ఆడినవ్."

ఇంతవరకూ రాసిందాంట్లో ఆ సంగతి నేను రాయలేదు. ఇన్నేళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. చొక్కా చెయ్యి తాకింది. తప్పు ఒప్పుకుంటే తెల్లబంతి ఆయన చేతికి వెళ్ళేది, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని కొట్టొచ్చు. ఆయనకి మిగిలింది రెండు బంతులు. ఏడు–అయిదుతో అక్కడే అయిపోయేది.

"మీరు చూశారా?" అన్నాను. 

"గా ఒక్కపారి నీకు తెల్వకుండ ఓరగ తిరిగి జూసిన. నువ్వే ఒప్పుకుంటవని ఆగిన. రెండేండ్ల సంది గదే యాదికొస్తది నాకు, పండుకున్నా గదే. ఇచ్చెటోనికి గివి యాదుంటయా? ఇచ్చినోడైతే హాయిగ నిద్రవోడా?"

అప్పుడు నమ్మాను. ఆ అక్కసు అబద్ధం కాదు. దానితోపాటే ఇంకొకటి కూడా తెలిసింది. ఆయన ఇచ్చాడని నేను ఎందుకంత గట్టిగా పట్టుకున్నానో తెలిసింది. ఆయన ఇస్తే నేను తీసుకున్నట్టు. ఇవ్వకపోతే నేను దొంగిలించినట్టు. నా అనుమానం నన్ను కాపాడుకోవడానికే.

"అయితే ఆరోజు గెలిచింది మీరే" అన్నాను.

"కాదు. నీ తప్పు నీది. నా ఓటమి నాది. రెండు కలపకు. నల్లబంతి కాడ చెయ్యి వణికింది నాది, నీది గాదు." ఆపైన చాలా నెమ్మదిగా అన్నారు. "ఆమె వోతే అందరొచ్చి కూసున్నరు. పోయింది, ఏడువు అన్నరు. పదమూడు దినాలు ఇచ్చిన్రు. ఆట వోతే ఒక్కడు పోయింది అనలే. ఇచ్చినవ్ ఇచ్చినవ్ అన్నరు. పోయినదాన్ని పోయిందని అననియ్యకుంటే మనిషి ఎట్ల బతుకుతడు తమ్మీ? పోయి చెప్పు వాళ్ళకు. పంతులు ఓడిండు అని చెప్పు. ఇంకేం చెప్పకు, గది చెప్పు చాలు."

చెబుతానన్నాను. చెప్పలేదు. ఊరికే ఓడాడంటే ఎవరూ నమ్మరు, నమ్మాలంటే చొక్కా చెయ్యి సంగతి చెప్పాలి. రేపు చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ ఉండగానే ఖలీల్ భాయ్ బల్లలు అమ్మేసి అక్కడ ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. బెంచీ మీదవాళ్ళు చెల్లాచెదురయ్యారు. హమ్మయ్య, ఇంక చెప్పడానికి ఎవరూ లేరు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇన్నేళ్ళ తర్వాత, పంతులుగారి పదమూడో రోజుకి వెళ్ళాను. సందులో షామియానా వేశారు. బెంచీ మీదవాళ్ళు ఆరుగురు వచ్చారు, అందరికీ పొట్టలు, బట్టతలలు. భోజనాలయ్యాక కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పంతులుగారి అన్నగారు కూడా వచ్చి కూర్చున్నారు, ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. తమ్ముడు ఆ బల్లల దగ్గరికి పోవడం తనకి నచ్చేది కాదని, ఇప్పుడు అనుకుంటే ఏం లాభమని అన్నారు. దానికి ఖలీల్ భాయ్ లేచి నిలబడి, ఆయన్ని ఓదార్చడానికి ఆ కథ మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడు ఎసొంటోడో మీకు ఎర్కనా పెద్దయ్యా? కప్పు చేతిల ఉండె. గిగో, గీయన అన్న వోయిండని, నల్లబంతి ఇడిసి, కప్పు ఇచ్చి, సప్పుడు జెయ్యకుండ వొయ్యిండు. అట్లాంటి మనిషిని నేను జూడలే." బెంచీ మీదవాళ్ళందరూ తలలూపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అన్నగారి మొహం వెలిగింది. గుమ్మంలో పంతులుగారి అమ్మాయి నిలబడి వింటోంది. అందరూ నా వైపు తిరిగారు, నేను కూడా రెండు మంచి మాటలు చెబుతానని. ప్రత్యేకంగా పిలిచింది అందుకే.

ఒక్క క్షణం, ఇలాగే ఉండనిస్తే ఏం పోయింది అనుకున్నాను. ముసలాయన సంతోషపడుతున్నాడు, చనిపోయినవాడికి పేరొస్తోంది. నేను చేసింది ఎవరికీ తెలియక్కర్లేదు. ఆ ఆలోచన నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, దాన్నే అనుమానించాను.

"ఆయన ఇవ్వలేదండీ" అన్నాను. "ఓడిపోయారు. చెయ్యి వణికి నల్లబంతి తప్పారు. ఇచ్చారన్న మాట నేను పుట్టించింది. ఆయన కాదు కాదని ఎంత మొత్తుకున్నా మనమెవరమూ వినలేదు."  ఆగకుండా మిగతాది కూడా చెప్పాను. పన్నెండో ఆట, ఎర్రబంతి, చొక్కా చెయ్యి, ఆయన చూడటం, నేను చెప్పకపోవడం.

 ఖలీల్ భాయ్ మెల్లిగా కూర్చున్నాడు. అన్నగారు నన్ను కాదు, నేల వైపు చూస్తున్నారు.

అమ్మాయి గుమ్మం దిగి దగ్గరికి వచ్చింది. "నాయిన మాకు గూడ గదే చెప్పిండు సార్. ఓడిన, ఓడిన అని వంద సార్లు చెప్పిండు. మంచోడు గాబట్టి గట్ల అంటడు అనుకున్నం. ఊకో నాయినా, నువ్వు ఎసొంటోడివో మాకు ఎర్క లేదా అంటుంటిమి."

ఆమె మొహం చూస్తే నాకు తట్టుకోవడం చేతకాలేదు. ఏదో ఒకటి ఆమె చేతిలో పెట్టాలనిపించింది. "న్యాయంగా చూస్తే ఆరోజు గెలిచింది మీ నాన్నగారేనమ్మా. ఆ మ్యాచ్ ఆయనదే. ఈ రోజు నుంచి అందరికీ అలాగే చెబుతాను" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. ఓడిన అన్నడు గద. ఓడనియ్యుండ్రి."